దివాను గారి పంతొమ్మిది

అనగనగా కాలవ కింద ఒక ఊరు. ఆ ఊరికి 1200 ఎకరాల మాగాణి. ఎకరానికొక మడి అనుకుందాం. కథ కాబట్టి ఆ మాత్రం చనువు తీసుకోవచ్చు. జమీందారుకూ ఊరికీ మధ్య పాత కట్టుబాటు ఒకటుంది. ఊరి పంట సగటున ఎకరానికి 20 తూములకు తగ్గితే ఆ ఏటి శిస్తులో సగం మాఫీ. తగ్గకపోతే దమ్మిడీ కూడా వదలరు.

ఒక ఏడు కార్తీకంలో గాలివాన పట్టింది. మూడు రోజులు కురిసి వెలిసేసరికి కొన్ని చేలు నేలకంటుకుపోయాయి, కొన్ని తల కూడా వంచలేదు. రైతులు వచ్చి మాఫీ అడిగారు. పంట కోసి, నూర్చి, కళ్లాల్లో కొలిచేదాకా ఆగుదామంటే కుదరదు. సర్కారుకు కట్టాల్సిన పేష్కసు గడువు ముంచుకొస్తోంది, ఈలోపే శిస్తు చిట్టా తేలాలి.

జమీందారు ముందుగా అంచనాదారును పంపాడు. ముప్ఫై ఏళ్లుగా చేను చూసి పంట చెబుతున్నవాడు. గుర్రమెక్కి కాలవ గట్టు వెంబడి పోయి, అటూ ఇటూ నూరు చేలు చూసి వచ్చి, "26 తూములకు తగ్గదు ప్రభూ" అన్నాడు. గట్టు పక్కనున్నవి కాలవ మొదటి భూములు. నీరు ముందు అందేది వాటికే, వాన వెలిశాక ముందు తేరుకునేవీ అవే. శివారు భూముల్లోకి గుర్రం పోదు.

తర్వాత మునసబు వంతు. ఆయన టముకు వేయించి రైతులందర్నీ రావిచెట్టు కిందికి రమ్మన్నాడు. చేను మునిగినవాళ్లంతా వచ్చారు. చేను నిలిచినవాళ్లకు పొలం పని ఉంది, రాలేదు. వచ్చిన ఒకరిద్దరూ ఆ గుంపులో నోరు విప్పలేదు. చెప్పినవన్నీ కూడి చూస్తే సగటు 12 తేలింది.

ఒకరిది 26, ఒకరిది 12. దివాను గారికి ఇలాంటి చిక్కులు కొత్త కాదు. "ఒకరు ఎక్కువ చెప్పారు, ఒకరు తక్కువ చెప్పారు. కూడి సగం చేస్తే 19. నిజం ఎప్పుడూ నడుమనే ఉంటుంది ప్రభూ" అన్నాడు. పద్ధతి జమీందారుకు నచ్చింది. నచ్చనిదల్లా 19కి మాఫీ ఇవ్వాల్సి రావడం. అందుకని ఇంకొకణ్ణి కూడా అడిగి చూద్దామనుకున్నాడు.

కళ్లాల్లో ధాన్యం కొలిచే ముసలివాడు ఒకడున్నాడు. పిలిపించారు.

"ఏమోయ్ కొలగాడా, నీ లెక్కేమిటి?"

"నా దగ్గర లెక్క లేదండి, ఇంకా కొలవలేదు కదా. కరణం గారి చిట్టాలో మడులన్నీ ఉన్నాయి. మడికొక తాటాకు ముక్క చేయించండి, 1200 ముక్కలు. పెద్ద బానలో పోసి బాగా కలిపి, నా మనవరాలి చేత 36 తీయించండి. చీటీ పడ్డ మడుల్లోనే, తాడుతో ఒక్కో చదరం కట్టి, అంతమేర కోసి కొలుస్తాను."

అంచనాదారు నవ్వాడు. "అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలిసిపోతుంది. దానికి చీట్లెందుకు, చిన్నపిల్లెందుకు?"

"అన్నం కుతకుత ఉడుకుతూ తనంతట తానే కలియబడుతుంది బాబూ. అందుకే ఏ మెతుకు పట్టినా ఒకటే. చేలు కలియబడవు. కాలవ మొదట ఉన్నది మొదటే ఉంటుంది, శివారున ఉన్నది శివారునే ఉంటుంది. వాటిని కలపడానికే ఈ బాన."

"ఊరంతా నీకు తెలిసిందే కదా. మంచీ చెడ్డా సమంగా వచ్చేట్టు నువ్వే ఎంచరాదూ?" అన్నాడు జమీందారు.

"నేను ఎంచితే నా కంటికున్న లోపం 36 మడుల్లోనూ దూరుతుందండి. పిల్ల తీస్తే ప్రతి మడికీ ఒకే అవకాశం, నూటికి మూడు. అప్పుడు నా లెక్క ఎంత తప్పగలదో నాకు ముందే తెలుస్తుంది."

పిల్లకు కళ్లకు గుడ్డ కట్టారు. తాత ప్రతి చీటీకీ బాన కలియబెట్టాడు. 36 చీట్లు తీసేసరికి ఆ పిల్లకు విసుగొచ్చింది, ఏలినవారికి ఆవులింతలొచ్చాయి.

అసలు తంటా పొలంలో మొదలైంది. చీట్లలో కొన్ని శివారువి, మోకాలి లోతు బురద. కూలీలు, "పక్క మడీ ఇలాంటిదే, గట్టు మీంచే కోసేయొచ్చు" అన్నారు. ముసలివాడు వినలేదు. ఒక రైతు, "తాతా, తాడు కాస్త ఇటు జరుపు, అటు పురుగు తిన్నది" అన్నాడు. ఇంకొకాయన అదే కారణానికి తాడు పురుగు తిన్న వైపుకే జరపమన్నాడు, ఆయనకు మాఫీ మీద ఆశ. అందుకని మడిలో చదరం ఎక్కడ పడాలో కూడా చీటీయే తేల్చింది: మూల నుంచి ఇన్ని అడుగులు తూర్పుకు, ఇన్ని ఉత్తరానికి. తాడు కట్టాక ఇంకో పేచీ. తాడు కింద పడ్డ దుబ్బు లోపలిదా, బయటిదా? కూలీలు ప్రతి దుబ్బునూ లోపలికే లాగుతున్నారు. అది కపటం కూడా కాదు, కొడవలి పట్టిన చెయ్యి గింజను వదల్లేదు, అంతే. "మొదలు లోపలుంటేనే లోపలిది" అని ముసలివాడు ప్రతి చదరం దగ్గరా నిలబడి చూశాడు.

36 మడుల లెక్క వచ్చింది. ఒకటి 31, ఒకటి 7, తక్కినవి నడుమ. సగటు 18. ఒక్కో మడి ఆ సగటుకు అటో ఇటో సుమారు 6 తూముల దూరంలో ఉంది.

"అయితే 18 అంటావు" అన్నాడు జమీందారు.

"18 అననండి. 16కీ 20కీ నడుమ అంటాను."

జమీందారుకు కోపం వచ్చింది. "అంచనాదారు ఒక్క అంకె చెప్పాడు. మునసబు ఒక్కటే చెప్పాడు. దివాను గారు గడప దాటకుండానే ఒక్కటి చెప్పారు. నువ్వు ఇంత బురద తొక్కొచ్చి రెండు చెబుతావా?"

"రెండోది వాళ్లకు తెలియదండి. పిల్ల చేత ఇంకో 36 తీయిస్తే మళ్లీ 18 రాదు. 17 రావచ్చు, పంతొమ్మిదిన్నర రావచ్చు. ఒక్కో మడి ఆరు తూములు ఊగుతోంది, 36 మడుల సగటు అందులో ఆరో వంతే ఊగుతుంది, ఒక్క తూము. అటు రెండు తూములు, ఇటు రెండు తూములు వదులుకుంటే, ఇరవై ఊళ్లలో ఇలా చెబితే పంతొమ్మిది ఊళ్లలో నా మాట నిలుస్తుంది."

"ఆరో వంతే ఎందుకు?"

"ఆరార్లు ముప్ఫై ఆరు కనక. ఈ ఊపు సగానికి తగ్గాలంటే మడులు రెట్టింపు చేస్తే చాలదు. నాలుగింతలు కావాలి, 144 కోయాలి."

అంత వ్యవధి లేదు. జమీందారు కాసేపు ఆలోచించి అసలు మాటకొచ్చాడు. "20 కూడా నీ హద్దు మీదే ఉంది కదా. ఊరి పంట నిజంగా 20 అయ్యుండి, ఈ పిల్ల చేతికి చెడ్డ మడులు తగిలి 18 తేలి ఉండొచ్చుగా?"

"ఉండొచ్చు. అలా ఎన్నిసార్లు జరుగుతుందో చూద్దాం" అన్నాడు ముసలివాడు. 36 మడుల అంకెలకూ తలా రెండు తూములు కలిపి, కొత్త ముక్కల మీద రాయించి బానలో వేశాడు. "ఇది మీరు చెప్పిన ఊరు. సగటు సరిగ్గా 20." ఒక ముక్క తీయడం, అంకె రాసుకోవడం, ముక్క మళ్లీ బానలో వేసి కలపడం. అలా 36 సార్లయితే ఒక ఆవృత్తి. ఊళ్లో పిల్లలంతా పోగై మూడు రోజులు తీశారు. కరణం గారి వేళ్లు వాచాయి. నూరు ఆవృత్తుల్లో సగటు 18కి గానీ అంతకన్నా కిందికి గానీ దిగినవి మూడు.

"అంటే నా మాట నిజమయ్యే అవకాశం నూటికి మూడేనా?"

"అలా అనలేదండి. మీ మాట నిజమే అనుకుంటే, నాకు ఇంత తక్కువ పంట కనబడే అవకాశం నూటికి మూడు. మీ మాట నిజమో కాదో అన్నదానికి ఈ బానలో లెక్క లేదు."

జమీందారుకు ఆ తేడా అందలేదు. ఆయన్ని తప్పు పట్టలేం. స్టాటిస్టిక్స్ పరీక్ష పాసైనవాళ్లలో కూడా చాలామందికి అందదు.

అంచనాదారు ఉపాయం చెప్పాడు. "మళ్లీ 36 తీయించండి ప్రభూ. కాకపోతే మళ్లీ. ఎప్పుడో ఒకసారి 20 దాటకపోదు."

"తీయించండి. తీసినవన్నీ కలిపి లెక్కేద్దాం" అన్నాడు ముసలివాడు. "నచ్చింది దొరికేదాకా తీసి, తక్కినవి పారేస్తే మాత్రం దాన్ని కొలత అనరు బాబూ, బేరం అంటారు." తర్వాత జమీందారు వైపు తిరిగాడు. "ఎటు తేల్చినా తప్పే అవకాశం ఉందండి. పంట 20 ఉండగా మాఫీ ఇస్తే మీకు సగం శిస్తు పోతుంది. పంట తగ్గి ఉండగా ఇవ్వకపోతే శివారు రైతులు ఎడ్లూ విత్తనాలూ అమ్మి కడతారు, వచ్చే ఏడు ఆ మడులు బీడు పడతాయి. ఏ తప్పుకు ఎక్కువ భయపడాలో గింజలు చెప్పవు. అది మీరు తేల్చుకోవాలి."

జమీందారు ఒక రాత్రంతా ఆలోచించి మాఫీ ఇచ్చాడు.

కోతలయ్యాయి, నూర్పిళ్లయ్యాయి. ఊళ్లో ప్రతి రాశినీ ముసలివాడే కొలిచాడు. 1200 ఎకరాల మీద సగటు 19 తేలింది. దివాను గారు కచేరీలో అందరివంకా ఒకసారి చూశారు. ఆయనకు శాలువా కప్పారు. కొలగాడికి ఎప్పటిలాగే కొలత కూలి ముట్టింది.

నీతి

మామూలు నీతి కథలో దివాను బోర్లా పడాలి. ఇందులో ఆయన అంకె సరిగ్గా తగిలింది, కావాలనే తగిలించాను. ఎందుకంటే తప్పు పద్ధతి తప్పు జవాబే ఇస్తుందన్న భరోసా మనకు ఎవరూ ఇవ్వలేదు. అప్పుడప్పుడూ సరైన జవాబే ఇస్తుంది, ప్రమాదమంతా అక్కడే ఉంది. రావిచెట్టు కిందికి ఇంకో పదిమంది చేను నిలిచినవాళ్లు వచ్చి ఉంటే మునసబు సగటు 16 అయ్యేది, దివాను గారి మధ్యమార్గం 21 అయ్యేది, మాఫీ ఎగిరిపోయేది. ఆయన అంకె పొలాల మీద కన్నా గుర్రం పోయిన దారి మీదా, ఆ రోజు ఎవరికి పని ఉందన్నదాని మీదా ఎక్కువ ఆధారపడింది. అది సరైనదని తెలిసింది రాశులన్నీ కొలిచాక, అంటే దాని అవసరం తీరిపోయాక. కనక నీతి ఒక్క వాక్యంలో కావాలంటే: ఎవరైనా ఒక అంకె చెబితే అది ఎలా పుట్టింది, ఎంత తప్పి ఉండొచ్చు అని అడగాలి, రెండోదానికి జవాబు లేనివాడి అంకె నిజమే అయినా నమ్మడానికి పనికిరాదు.

ఇలాంటి కథ మనకు మహాభారతంలోనే ఉంది. అరణ్యపర్వంలో నలుడు బాహుకుడిగా ఋతుపర్ణుడి రథం తోలుతూ పోతుంటే, దారిలో ఒక తాండ్ర చెట్టును చూసి రాజు దాని ఆకులూ కాయలూ ఎన్నో చెబుతాడు. నలుడు నమ్మక రథం ఆపి లెక్కపెడతాడు. సరిగ్గా సరిపోతుంది. తనకు అక్షహృదయం తెలుసునని, అందుకే లెక్కలో నేర్పు ఉందని రాజు చెప్పి, ఆ విద్యను నలుడికిస్తాడు. జూదంలో రాజ్యం పోగొట్టుకున్నవాడు జూదపు మర్మం నేర్చుకునేది ఒక చెట్టు లెక్క దగ్గర. పాచికలుగా వాడింది కూడా ఆ తాండ్ర కాయల గింజల్నే. సంభావ్యతకూ అంచనాకూ ఉన్న చుట్టరికాన్ని ఆ కథ పట్టుకుంది. నాకు నచ్చనిదల్లా సరిగ్గా సరిపోవడమే. ఋతుపర్ణుడు రెండు అంకెలు చెప్పి ఉంటే నలుడికి ఇంకా మంచి విద్య దొరికేది, కావ్యం మాత్రం చప్పబడేది.

బానలోంచి చీటీ తీయడం కూడా పాతదే. పదో శతాబ్దంలో తమిళనాడు ఉత్తరమేరూరు శాసనాలు, ఊరి సభకు మనుషుల్ని తాటాకు చీట్లతో ఎంచాలని, కుండ కలిపి చిన్నపిల్లవాడి చేత తీయించాలని రాశాయి. అక్కడ ఉద్దేశం పక్షపాతం లేకుండా చూడడం. కొలగాడికి అది కావాలి, ఇంకొకటి కూడా కావాలి: ప్రతి మడికీ ఎంత అవకాశం ఉందో తెలిస్తేనే సగటు ఎంత ఊగుతుందో లెక్కకట్టగలడు. అంచనాదారు నూరు చేలు చూశాడు, కొలగాడు 36. ఎక్కువ చూసినవాడే ఎక్కువ తప్పాడు. గట్టు వెంబడి వెయ్యి చేలు చూసినా ఆ తప్పు తగ్గేది కాదు.

తాడు కింది దుబ్బు పేచీని నేను కల్పించలేదు. 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించిన మహలనోబిస్, 1937 నుంచి బెంగాల్ జనపనార పంట మీద శాంపిల్ సర్వేలు నడిపారు. చిన్న చిన్న ముక్కలు చాలాచోట్ల కోయడం ఆయన పద్ధతి. 1940లలో పి.వి. సుఖాత్మే ప్రయోగాలు చేసి, ముక్క చిన్నదయ్యేకొద్దీ దిగుబడి అసలు కన్నా ఎక్కువగా తేలుతోందని చూపారు. కారణం అంచు. చదరం చిన్నదైతే విస్తీర్ణానికి అంచు పాలు ఎక్కువ, అంచున లోపలికి లాగే దుబ్బుల పాలూ ఎక్కువే. ఇద్దరి మధ్యా వాదం గట్టిగానే నడిచింది. ఇవాళ మన దగ్గర వరి పంటకోత ప్రయోగాల్లో కోసే చదరం మామూలుగా 5 మీటర్లకు 5 మీటర్లు.

అసలు ఈ స్టాటిస్టిక్స్ శాస్త్రంలో సగం పొలాల్లోనే పుట్టింది. ఫిషర్ 1919లో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరి, 1925లో వేసిన పుస్తకంతో 'ఇరవైలో ఒకటి' అన్న హద్దును వాడుకలోకి తెచ్చారు. అది సౌకర్యం కోసం పెట్టుకున్న గీత, ప్రకృతి గీసింది కాదు. జమీందారు ముందు కొలగాడు పెట్టిన రెండు తప్పుల్నీ 1933లో నెయ్‌మన్, ఈగన్ పియర్సన్ వేరు చేసి చూపారు. 'ఇరవై ఊళ్లలో పంతొమ్మిది' అన్న మాటకు నెయ్‌మన్ 1937లో శాస్త్రరూపం ఇచ్చారు. ఆ భరోసా పద్ధతికి మాత్రమే, ఈ ఊరికి చెప్పిన 16, 20 లకు విడిగా కాదు. ముక్క తీసి మళ్లీ బానలో వేసే ఆటను బ్రాడ్లీ ఎఫ్రన్ 1979లో బూట్‌స్ట్రాప్ అన్నారు. కంప్యూటర్ వచ్చాక కరణం గారి వేళ్లకు పని తప్పింది.

ఈ వరుసలో మనవాడొకరున్నారు. తెలుగు కుటుంబంలో 1920లో పుట్టి, వాల్తేరు ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ఎం.ఏ. చేసి, 1941లో కలకత్తాలో మహలనోబిస్ సంస్థలో చేరిన సి.ఆర్. రావు. 1945లో, పాతికేళ్ల వయసులో ఆయన ప్రచురించిన వ్యాసంలోని ఒక ఫలితం ఇవాళ క్రామర్-రావు అసమానతగా ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లో ఉంది. కథ భాషలో చెబితే: ఒక వైపుకు మొగ్గకుండా అంచనా కట్టేవాడు ఎంత తెలివైనవాడైనా, ఆ 36 మడుల నుంచి పిండగలిగే కచ్చితత్వానికి ఒక హద్దు ఉంది, ఆ హద్దు ఎంతో ముందే లెక్కకట్టవచ్చు. కొలగాడు రెండు అంకెలు చెప్పడం చేతకానితనం కాదని గణితం ఇచ్చిన సాక్ష్యం అది. 2023లో ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి దక్కింది, అదే ఏడు ఆగస్టులో కన్నుమూశారు.

ఇప్పుడు జమీందార్లు లేరు, మాఫీ ప్రశ్న పంటల బీమాలోకి మారింది. 2016లో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన మార్గదర్శకాల ప్రకారం, గ్రామాన్ని యూనిట్‌గా తీసుకున్నచోట ప్రధాన పంటకు కనీసం నాలుగు పంటకోత ప్రయోగాలు చేయాలి. వాటి సగటు దిగుబడి ముందుగా నిర్ణయించిన స్థాయికి ఎంత తగ్గితే, బీమా మొత్తంలో అంత పాలు పరిహారం. మన కథలోని ఊరే తీసుకుని, 36కు బదులు నాలుగు మడులే కోశామనుకోండి. ఊపు ఆరు తూముల్లో సగం, మూడు తూములు. నాలుగే కొలతలున్నప్పుడు అటు రెండింతలు, ఇటు రెండింతలు వదులుకున్నా చాలదు, మూడింతలు దాటాలి. డబ్లిన్‌లో గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేస్తూ 'స్టూడెంట్' అన్న మారుపేరుతో గోసెట్ 1908లో తేల్చిన లెక్క ఇది. ఆ ప్రకారం 18 తూముల సగటుకు హద్దులు సుమారు ఎనిమిదిన్నర, ఇరవై ఏడున్నర. ఒక చివర ఊరంతా మునిగింది, ఇంకో చివర అంచనాదారు చెప్పిన 26 కన్నా ఎక్కువే పండింది. పరిహారం సూత్రంలోకి పోయేది మాత్రం ఒక్క 18.